మాట చివర ‘ల’

మలేషియాలోని ఈపో ఊళ్ళో, చైనా భాష మాండరిన్ నేర్పే లోక్ మాస్టారి ఇంటి వసారా, శనివారం మధ్యాహ్నం. ఎదురుగా కూర్చున్న పే షాన్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆమె మాండరిన్‌కి మాత్రం ఆరు.

"కాఫీ కొట్టతను నవ్వాడంటే నవ్వడా మరి? ఏమన్నావు అతనితో?"

"ఆకలేస్తోంది, తినడానికేముంది అని అడిగానండీ."

"అలా అనలేదు నువ్వు. అలా అన్నాననుకున్నావు. సరిగ్గా ఏమన్నావో మాండరిన్‌లో చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. వినేది నేనొక్కడినేగా."

"...అన్నాను."

"ఓహో. ‘అంకుల్ అంకుల్, బొజ్జ ఆకలి, బువ్వ పెట్టు’. ఇదీ నువ్వన్నది."

"బువ్వంటే అన్నమేగా, మాస్టారూ."

"అన్నమే. పళ్ళు రాని పిల్లకి పెట్టేటప్పుడు. గౌను వేసుకుని, చేతిలో కారు తాళాలు పెట్టుకుని, బొజ్జ ఆకలి అంటే అతను ఏమనుకుంటాడు?"

"ఏమనుకున్నాడో మొహం మీదే అన్నాడు. అరటిపండు అన్నాడు."

"అనేశాడా?"

"పైకి పసుపు, లోపల తెలుపు. చూడ్డానికి చైనావాళ్ళం, లోపల దొరలమని. పక్క బల్లవాళ్ళకి కూడా చెప్పాడు. వాళ్ళూ నవ్వారు. నాన్నని కూడా ఇలాగే అనేవాళ్ళట, ఆయన పట్టించుకోడు. ఆయన ఇంగ్లీషులో తిట్టి వచ్చేస్తాడు. నాకదీ చేతకాదు."

"నొచ్చుకోకు. నీకు భాష రాకపోవడం కాదు. వచ్చింది, వచ్చిన చోటే కూర్చుండిపోయింది. ఆరేళ్ళదాకా నానమ్మ దగ్గర పెరిగావు, నానమ్మ ఆరేళ్ళ పిల్లతో ఏం మాట్లాడుతుందో అదే నీకొచ్చు."

"బువ్వ, బజ్జో, జౌ, బు శింగ్."

"అంతే కదా?"

"అంతేనండీ. జౌ అంటే నడువు. నా రెండు చేతులూ పట్టుకుని, తను వెనక్కి నడుస్తూ, జౌ, జౌ, జౌ అనేదట. నాకు నడక నేర్పిన మాట అది. బు శింగ్ అంటే కుదరదు. అది రోజుకి వందసార్లు. ఐస్‌క్రీమ్ బు శింగ్, వానలోకి బు శింగ్, చెప్పుల్లేకుండా బు శింగ్... చెప్పులంటే గుర్తొచ్చింది. ఆంటీ చెప్పులు గుమ్మం దగ్గర ఉన్నాయేంటి? వచ్చేశారా?"

"అవి ఎప్పుడూ అక్కడే ఉంటాయి."

"అంటే ఇంకా రాలేదు."

"కాఫీ చల్లారిపోతోంది, తాగు."

"మాట మార్చకండి మాస్టారూ. నేను ఈ ఇంటికి రావడం మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. మొదటి రోజు ఆంటీ ఏరీ అని అడిగితే జౌ ల అన్నారు, నడిచి వెళ్ళిపోయిందని. అంత పెద్దావిడ ఇల్లు వదిలి వెళ్ళిపోయిందంటే మీరేదో గట్టిగానే అని ఉంటారు."

"గట్టిగా ఏమీ అనలేదు."

"మరి ఒక్కసారైనా వెళ్ళి పిలిచారా?"

"పిలుస్తూనే ఉన్నాను."

"రానంటున్నారా?"

"ఏమీ అనదు."

"అలక. నానమ్మ దగ్గరుండే మా మేనత్త కూడా అంతే, అలిగితే నోరు విప్పదు. ఎక్కడున్నారో చెప్పండి, నేను వెళ్ళి బతిమాలతాను. ఆంటీ, మాస్టారు మీ చెప్పులు కూడా తీయకుండా అలాగే ఉంచారు అని చెప్తాను. ఆ మాటకి రాని ఆడది ఉండదు."

"ఏ భాషలో చెప్తావు?"

"అదిగో, మళ్ళీ వేళాకోళం. లోపల్నుంచి అగరొత్తుల వాసన వస్తోంది. ఆవిడ రావాలని మొక్కుకుంటున్నారా?"

"నీ పాఠం సంగతి చూద్దామా?"

"చూద్దాం. కానీ ఇవాళ ఆ ఉపన్యాసం వద్దండి."

"వద్దా? నాలుగు వారాలుగా నేర్చుకుంటున్నావు. నానమ్మ ముందు నువ్వూ, నువ్వు పెళ్ళాడబోయే అతనూ మోకాళ్ళ మీద కూర్చుని, టీ కప్పు రెండు చేతులా అందిస్తూ చెప్పాల్సిన నాలుగు ముక్కలు. మొన్నటికి మూడు ముక్కలు దారిన పడ్డాయి."

"ఇక దానితో పని లేదు. ఇవాళ నాకు పోట్లాడటం నేర్పండి."

"ఎవరితో?"

"పెద్దవాళ్ళతో. మర్యాద పోకుండా, కానీ గట్టిగా."

"పే షాన్."

"ఊఁ."

"ఏం జరిగింది?"

"ఏమీ లేదు. నానమ్మ ఒప్పుకోలేదు. అంతే."

"ఇలంగోని ఒప్పుకోలేదా?"

"అతన్నే. తమిళవాడనే అయ్యుంటుంది. ఫొటో పంపినప్పుడు బాగానే ఉంది, ముక్కు పొడుగ్గా ఉంది, అదృష్టవంతుడు అందట. ఇప్పుడేమో... పోనీలెండి. మీరు నేర్పండి."

"పెద్దవాళ్ళతో పోట్లాటకి మాటలు నా దగ్గర లేవమ్మా. మన పద్ధతి వేరు. కప్పు పట్టుకుని కూర్చోవడమే. వాళ్ళు తాగితే ఒప్పుకున్నట్టు. తాగకపోతే చెయ్యి నొప్పెట్టేదాకా పట్టుకుని కూర్చోవాలి. చూసి చూసి తాగేస్తారు."

"మువార్‌లో ఉన్న నానమ్మకి ఈపో నుంచి కప్పెలా పట్టేది? ఫోన్లోనే చెప్పాలి. నేను రాసుకొచ్చాను, వినండి. తప్పులుంటే తర్వాత చెప్పండి, మధ్యలో ఆపొద్దు."

"సరే, కానీ."

"...అయింది."

"మనమిప్పుడు మాట్లాడుకుంటున్న భాషలో చెప్తాను, ఎలా వినిపించిందో చూసుకో. ‘నానమ్మ ల, నాకు వీడు కావాలి ల. వీడు మంచోడు ల. కొట్టడు ల. నువ్వు వద్దంటే ఏడుస్తా ల.’"

"అలా ఉందా?"

"సంతలో బొమ్మ కోసం నేల మీద పడి దొర్లినట్టుంది."

"నవ్వండి. మీరూ నవ్వండి."

"నవ్వట్లేదమ్మా. ఆ మాట విని కరగని నానమ్మ ఉండదు, అది వేరే సంగతి. కానీ ఆ ‘ల’ ఏమిటి, కూరలో కారం చల్లినట్టు ప్రతి మాటకీ చల్లావు?"

"అందరూ అంటారుగా. అత్త మాట్లాడితే ల, ల, ల తప్ప ఇంకేం వినబడదు నాకు. లేకపోతే నాది పుస్తకంలా ఉంటుందని వేశాను."

"ల అంటే అలంకారం కాదు. అది మాట చివర తలుపు. మూసుకుందని చెప్తుంది. ఇటు విను. వాన అంటే వాన. వాన ల అంటే ఇందాకటిదాకా లేదు, ఇప్పుడు మొదలైంది, ఆరేసిన బట్టలు తియ్యి అని. పెద్దది అంటే పెద్దది. పిల్ల పెద్దది ల అంటే, నిన్నటిదాకా చిన్నది, ఇక కాదు."

"అంటే మార్పు."

"మార్పు. అంతకుముందు ఒకలా ఉంది, ఇప్పుడు ఇంకోలా ఉంది. ఇక వెనక్కి పోదు."

"ఆ ఒక్క అక్షరానికి అంత ఉందా?"

"నీలాంటివాళ్ళందరూ అక్కడే జారతారు. పుస్తకం పట్టి నేర్చుకున్న పరాయివాడు భయపడి అడుగుతాడు. మీరు చిన్నప్పట్నుంచీ విన్నది కదా అని అడగరు."

"ఆగండి. అయితే అత్త అన్నదానికి అర్థం ఇప్పుడు తెలిసింది. అబ్బ. ఇది ఇంకా ఘోరం."

"ఏమంది అత్త?"

"మంగళవారం వాయిస్ మెసేజ్ పెట్టింది. మీరు దిద్దిన ప్రశ్న పంపాను కదండీ, ‘నానమ్మా, నీకు టీ ఇవ్వడానికి మేమిద్దరం రావచ్చా’ అని? దానికి జవాబు. నేను ఉత్త బు శింగ్ అనుకున్నాను, కుదరదు అని. కాదు, ల ఉంది. అంటే ఇంతకుముందు కుదురుతుందనుకుంది, ఇప్పుడు కుదరదు. మనసు మార్చుకుంది. ఎవరో ఏదో ఎక్కించారు. అంతేగా?"

"ఏమందో మళ్ళీ చెప్పు."

"బు శింగ్ ల."

"అది కాదు. మొత్తం."

"పే షాన్, నానమ్మ బు శింగ్ ల. అంతే. మీ మొహం అలా పెట్టారేం?"

"ఆ మెసేజ్ వినిపించు."

"వద్దండి. అత్త గొంతు కూడా ఏదోలా ఉంది, నా మీద కోపంతో. వింటే నాకు మళ్ళీ..."

"వినిపించు తల్లీ."

"ఇదుగోండి... విన్నారుగా. అదే మాట."

"ఆపేశావేం? ఇంకా ఉంది."

"అక్కడికే ఆపేశాను ఆరోజు కూడా. తర్వాతదంతా గబగబా మాట్లాడింది, ఒక్క ముక్క తెలియదు. తిట్లు వినడానికి అర్థం దేనికిలే అని ఊరుకున్నాను."

"ఇటివ్వు ఫోను. నేను వింటాను."

"వినండి. ...ఏమంటోంది? మాస్టారూ. ఏమంటోందండీ?"

"రమ్మంటోంది."

"ఎవర్ని?"

"నిన్నే. అతన్ని కూడా తీసుకురమ్మంటోంది. టీ తాగుతుందట నానమ్మ. లేవలేకపోయినా పడుకునే తాగుతుందట, చెంచాతో పట్టమంటోంది."

"ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది."

"ఇలంగోని ఒప్పుకుందా?"

"ఆ పొడుగు ముక్కువాణ్ణి చూడాలని అడుగుతోందట."

"మాస్టారూ... నేను మంగళవారం నుంచీ ఆవిడ మీద... ఇలంగోతో ఏమేమన్నానో తెలుసా మా నానమ్మ గురించి? అయ్యో. మరి బు శింగ్ అని ఎందుకంది? టీ తాగుతాను అంటూ బు శింగ్ ఏమిటి?"

"అది పెళ్ళి గురించి అన్నది కాదు."

"దేని గురించి?"

"మనిషి గురించి. మనిషి పేరు చెప్పి బు శింగ్ ల అంటే... ఒంట్లో కుదరడం లేదని."

"ఒంట్లో కుదరడం లేదంటే?"

"బాగోలేదని."

"జ్వరమా?"

"జ్వరం కాదనుకుంటా. బాగా... లేవలేని స్థితి."

"ఎంత బాగోలేదు? మీరు సరిగ్గా చెప్పట్లేదు."

"ముందు ఫోన్ చెయ్యి. ఆ తర్వాత అత్త మళ్ళీ చెయ్యలేదా నీకు?"

"చేసింది. బుధవారం చేసింది, నిన్న పొద్దున చేసింది. తీయలేదు. పెళ్ళి గురించి క్లాసు పీకుతుందనుకున్నాను. నాన్నకి చెయ్యదు, వాళ్ళకి మాటల్లేవు. తాతయ్య పోయినప్పుడు నాన్న ఆయన పటం ముందు అగరొత్తులు పట్టుకోనన్నాడు, చర్చికి వెళ్ళేవాణ్ణి నాకు కుదరదన్నాడు. ఆ రోజు నుంచీ ఆ ఇంటికి వెళ్ళేది నేనొక్కదాన్నే."

"మలయ్‌లో ఒక్క ముక్క పెట్టి ఉంటే సరిపోయేది కదా మీ అత్త. మలయ్ బాగానే వచ్చన్నావు."

"వచ్చు. నేనే వద్దన్నాను."

"నువ్వా?"

"మీరే కదండీ చెప్పించారు. రెండో పాఠంలో. మీవాళ్ళందరికీ చెప్పెయ్, ఇవాళ్టి నుంచి నాతో మాండరిన్ తప్ప ఇంకో మాట మాట్లాడొద్దని, బతిమాలినా మాట్లాడొద్దని. అత్తతో ఒట్టు వేయించుకున్నాను. ఎంత సంబరపడిందో అప్పుడు. మన పిల్ల మనకొచ్చేసింది అంది."

"నేనే చెప్పాను."

"ఫోన్లో అనువాదం చేసేది కూడా తీసేయమన్నారు. అర్థం కాకపోతే అడక్కు, ఊహించు, పిల్లలు అలాగే నేర్చుకుంటారు అన్నారు."

"అన్నాను."

"ఊహించాను."

"నీ తప్పేం లేదమ్మా. ఊహకి అందే మాట కాదది. ఫోన్ చెయ్యి."

"ఏమనాలి? మీరు ఒక్కొక్క ముక్కా చెప్పండి, నేను అంటాను. ఒంట్లో బాగాలేనివాళ్ళని ఎలా పలకరిస్తారు? నాకు రాదు. నాకు బొజ్జ నొప్పి అనడం తప్ప ఏమీ రాదు."

"నీకొచ్చినట్టే మాట్లాడు. నానమ్మకి అలవాటైన మాటలు అవే."

"మోగుతోంది. ...అత్తా? అత్తా, నేను. పే షాన్‌ని. ...సారీ. సారీ అత్తా, నేను తెలివితక్కువదాన్ని, నాకు... నానమ్మ ఏం చేస్తోంది? నానమ్మకి ఇవ్వు. ...ఏంటి? చాలామంది మాట్లాడుతున్నారు అక్కడ, వినబడట్లేదు. నెమ్మదిగా చెప్పు. నానమ్మ బువ్వ తిందా? ...మళ్ళీ చెప్పు? ...ఆఁ."

"ఏమంటోంది? పే షాన్, అత్తని మలయ్‌లో చెప్పమను."

"ఉండండి, అక్కర్లేదు. అర్థమైంది. ...అత్తా, నిజంగానా? ఇవాళేనా? తెల్లవారుజామునా? ...అత్తా? ఎవరో పిలిచినట్టున్నారు, పెట్టేసింది."

"ఏమంది?"

"మీరు మలయ్ అన్నారు చూడండి, మీ శిష్యురాలి మీద మీకు నమ్మకం లేదు. ఎవరి సాయం లేకుండా, ఒక్కసారికే అర్థమైంది నాకు. ఏడాదిలో మొదటిసారి."

"ఏమందమ్మా అత్త?"

"ఎంత భయపెట్టారు మీరు, లేవలేని స్థితీ అదీ అంటూ. లేచింది మా నానమ్మ. నడిచింది కూడా. ఇవాళ తెల్లవారుజామున."

"నడిచిందని చెప్పిందా?"

"మాటలో ల ఉంది మాస్టారూ. మీరిప్పుడే కదా చెప్పారు. నిన్నటిదాకా ఒకలా ఉంది, ఇప్పుడు ఇంకోలా ఉంది. నిన్నటిదాకా మంచంలో ఉంది, ఇవాళ నడిచింది. నానమ్మ జౌ ల. రెండుసార్లు అంది, స్పష్టంగా. ఇల్లంతా జనం, చూడ్డానికొచ్చినట్టున్నారు. అత్తకి పాపం నాలుగు రోజులు నిద్ర లేదేమో, సంతోషానికి ఏడ్చేసింది."

"పే షాన్."

"రాత్రికి బయలుదేరితే రేపు పొద్దున్నకి మువార్‌లో ఉంటాం. ఇలంగోకి సెలవు దొరుకుతుంది. టీ కప్పులు కొనాలి, ఎర్రవి. మాస్టారూ, ఆ నాలుగు ముక్కలూ మళ్ళీ చెప్పించండి, దారిలో వల్లె వేసుకుంటాను. బువ్వ అనను, ఒట్టు."

"పే షాన్. ఇలా నా పక్కకి వచ్చి కూర్చో."

"ఎందుకండీ?"

"కూర్చో. ఆ ఫోను కింద పెట్టు."

"ఏమిటండీ, మీరు ఏడుస్తున్నారెందుకు? నేనేమన్నా తప్పుగా..."

"మాట సరిగ్గానే విన్నావు. మొదటి రోజు నువ్వొచ్చి ఆంటీ ఏరీ అని అడిగావు. నేనేమన్నాను?"

"జౌ ల అన్నారు."

"పోన్లెండి, కోపం తగ్గాక వస్తారులే అన్నావు నువ్వు. నీ తప్పు దిద్దబుద్ధి కాలేదు నాకు. వారానికో పూటైనా ఈ ఇంట్లో ఎవరో ఒకరు ఆవిడ వస్తుందని ఎదురుచూస్తుంటే బాగుండేది."

"మాస్టారూ, నాకు అర్థం కావట్లేదు. ఆ మాటేమిటో మలయ్‌లో చెప్పండి."

"మా ఆవిడ అలిగి వెళ్ళలేదమ్మా. నానమ్మ వెళ్ళిన చోటికే వెళ్ళింది."